ఆటుపోట్ల కోసం ఎదురుచూస్తున్న ఆదిగంగ

కోల్‌కతా మహానగరపు దక్షిణ భాగంలో భవానీపూర్ అనే పేట ఉంది. నేతాజీ సుభాష్ చంద్రబోస్ 1941 జనవరిలో బ్రిటిషువారి కన్నుగప్పి బయలుదేరిన ఇల్లు ఈ ప్రాంతంలోనిదే. 'హిందూ పేట్రియట్' పత్రికలో నీలిమందు రైతుల పక్షాన కలం పట్టిన హరీశ్ చంద్ర ముఖర్జీ నివసించినదీ ఇక్కడనే. చరిత్రలో ఇంతటి స్థానం గల ఈ పేటకు పడమటి అంచున ఒక సన్నని కాలువ ఉంది. అవతలి ఒడ్డు అలీపూర్. కొద్ది దూరం దక్షిణంగా నడిస్తే కాళీఘాట్ ఆలయం. కాలువలో నీరు నల్లగా ఉంటుంది. ఒడ్డున నిలబడినవారికి అది ఒక పెద్ద మురుగుకాలువ వలెనే కనిపిస్తుంది. కాని కాళీఘాట్‌కు వచ్చే భక్తులు దానిని గంగ అనే పిలుస్తారు. వారి మాట కేవలం భక్తి వల్ల పుట్టినది కాదు. చరిత్ర కూడ దానిని బలపరుస్తున్నది.

ఈ కాలువకు పేర్లు రెండు. ఒకటి ఆదిగంగ, అనగా మొదటి గంగ. రెండవది టాలీ నాలా. మొదటి పేరు ప్రకృతి నిర్మించిన నదిని, రెండవ పేరు మనిషి తవ్విన కాలువను గుర్తుచేస్తాయి. ఈ రెంటి కథ తెలిస్తే గాని నేటి దుస్థితికి కారణాలు, రేపటి పునరుద్ధరణకు మార్గాలు బోధపడవు.

గంగ నడచిన పాత దారి

నేడు హుగ్లీ నది కోల్‌కతా దాటిన తరువాత నైరుతి దిశగా మళ్ళి సాంక్రాయిల్ మీదుగా సముద్రం వైపు సాగుతుంది. కొన్ని శతాబ్దాల క్రితం ప్రధాన ప్రవాహం ఇలా ఉండేది కాదు. అది ఇప్పటి ఖిదిర్‌పూర్ దగ్గర ఆగ్నేయంగా తిరిగి, కాళీఘాట్, గరియా, బోరాల్, రాజ్‌పూర్, బారుయిపూర్, జయనగర్ మీదుగా సాగరద్వీపం సమీపాన సముద్రంలో కలిసేది. క్రీ.శ. 1495లో విప్రదాస్ పిపిలాయి రచించిన 'మనసా విజయం' అనే వంగ కావ్యంలో చాంద్ సౌదాగరు అనే వర్తకుని నౌకాయానం వర్ణితమై ఉంది. ఆ వర్తకుని ఓడలు కాళీఘాట్, బారుయిపూర్, ఛత్రభోగ్‌ల మీదుగానే సాగరసంగమానికి చేరాయి. 1660 నాటికి చెందిన వాన్ డెన్ బ్రూక్ అనే డచ్చివాని పటంలోనూ ఈ మార్గం కనిపిస్తుంది.

1510లో సన్యాసం స్వీకరించి పూరీకి బయలుదేరిన చైతన్య మహాప్రభువు ఈ ప్రవాహం వెంబడే ఛత్రభోగ్ వరకు వెళ్ళినట్లు బృందావనదాసు రచించిన 'చైతన్య భాగవతం' తెలుపుతుంది. ఆ మహనీయుడు పూరీ నుండి దక్షిణదేశ యాత్రకు కదలి, గోదావరీ తీరాన రామానంద రాయలను కలుసుకొన్న సంగతి తెలుగువారికి సుపరిచితమే. ఆదిగంగ ఒడ్డున సాగిన యాత్ర అలా గోదావరి ఒడ్డు దాకా వచ్చింది.

తరువాతి కాలంలో నది దారి మార్చుకొన్నది. ఖిదిర్‌పూర్ నుండి సాంక్రాయిల్ దాకా ఒక కాలువ తవ్వి, గంగను పాత సరస్వతీ నది దిగువ భాగంలోకి మళ్ళించారని ఒక సంప్రదాయం చెబుతుంది. దానిని నవాబు అలీవర్దీఖాను తవ్వించాడని కొందరు, డచ్చి వర్తకులు తవ్వించారని మరికొందరు అంటారు. కారణమేదైనా, పదునెనిమిదవ శతాబ్ది మధ్యకాలం నాటికి ఆదిగంగలో ప్రవాహం క్షీణించింది. అయినప్పటికీ పవిత్రత అంతా పాత దారిదేనని, కొత్త పాయ కేవలం 'కాటి గంగ', అనగా కోసిన గంగ అని ఆ ప్రాంతపు హిందువులు భావిస్తూ వచ్చారు.

మేజర్ టాలీ తవ్విన కాలువ

కుంచించుకుపోయిన ఈ పాయను ఆ రోజులలో గోవిందపూర్ వాగు అని, సుర్మాన్ నాలా అని వ్యవహరించేవారు. దానికి తిరిగి ప్రాణం పోసినవాడు ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి మేజర్ విలియం టాలీ. తూర్పు బెంగాల్ జిల్లాల నుండి, సుందరవనాల నుండి కలకత్తాకు సరుకు తెచ్చే పడవలు అప్పట్లో దూరమైన, ప్రమాదకరమైన దారిలో హుగ్లీ ముఖద్వారం చుట్టి రావలసి వచ్చేది. పాత ఆదిగంగను లోతు చేసి, దానిని తూర్పున ఉన్న విద్యాధరి నదితో కలిపితే పడవలు లోపలి దారినే నగరానికి చేరగలవని టాలీ గ్రహించాడు.

1775లో పని ప్రారంభమైంది. హేస్టింగ్స్ వద్ద హుగ్లీ నుండి గరియా దాకా సుమారు 8 మైళ్ళు పాత నదీగర్భాన్నే తవ్వారు. గరియా నుండి తూర్పుగా శాముక్‌పోతా దాకా కొత్త కాలువ తీసి, అక్కడ విద్యాధరిలో కలిపారు. మొత్తం పొడవు సుమారు 17 మైళ్ళు. 1777లో పడవల రాకపోకలు మొదలయ్యాయి. టాలీ ఈ కాలువను సొంత ఖర్చుతో తవ్వించి, అందుకు ప్రతిఫలంగా పడవలపై సుంకం వసూలు చేసుకొనే హక్కును, ఒడ్డున ఒక గంజ్, అనగా అంగడి నెలకొల్పుకొనే హక్కును కంపెనీ నుండి పొందాడు. ఆ అంగడియే నేటి టాలీగంజ్.

అప్పటికి భవానీపూర్ నగరంలో భాగం కాదు. కలకత్తా చుట్టూ కంపెనీ సంపాదించిన 55 గ్రామాల సముదాయాన్ని 'పంచాన్నగ్రామ్' అనేవారు. వాటిలో భవానీపూర్ ఒకటి. అందుచేత టాలీ కాలువ తొలినాళ్ళలో చాలవరకు పొలాల మధ్యగా, పల్లెల మీదుగా ప్రవహించిన గ్రామీణ జలమార్గమే. నగరమే క్రమంగా దాని వద్దకు వచ్చింది.

పల్లెకు, పట్టణానికి వారధి

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ కాలువ కలకత్తాకు తూర్పు జిల్లాలను కలిపే జలమార్గ వ్యవస్థలో ఒక ముఖ్యాంగమైంది. తూర్పు జిల్లాల బియ్యం, జనుము, సుందరవనాల కలప, వంటచెరకు, తేనె, ఇళ్ళ కప్పులకు వాడే గోల్‌పాతా ఆకు దీని మీదుగా నగరానికి చేరేవి. కాళీఘాట్‌కు ఎదురుగా ఉన్న చేత్లా పెద్ద బియ్యపు మార్కెట్టుగా పేరు పొందింది. నేటి కాళీఘాట్ ఆలయ నిర్మాణం 1809లో పూర్తయింది. యాత్రికుల కోసం ఆలయ పరిసరాలలో స్థిరపడిన చిత్రకారుల కుంచె నుండి వెలువడినవే లోకప్రసిద్ధమైన 'కాళీఘాట్ పటాలు'. ఒకే కాలువ అటు అన్నానికీ, ఇటు కళకూ, భక్తికీ దారి చూపింది.

పూడిక ఎందుకు ఏర్పడింది?

ఇటువంటి కాలువ ఎలా బతుకుతుందో, ఎలా చనిపోతుందో తెలుసుకొనుటకు ఆటుపోట్ల సంగతి కొంత గ్రహించాలి. హుగ్లీలో ప్రతిరోజూ రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు ఆటు తీస్తుంది. పోటు వేళ సముద్రపు ఒత్తిడికి నదీజలం ఎదురెక్కి కాలువలోకి ప్రవేశిస్తుంది. ఆ నీరు తనతోపాటు సన్నని ఒండ్రును మోసుకొని వస్తుంది. ఆటు వేళ నీరు వేగంగా వెనుకకు మరలితే ఆ ఒండ్రును కూడ తీసుకొనిపోతుంది. వేగం చాలకపోతే ఒండ్రు కాలువ అడుగున నిలిచిపోతుంది.

టాలీ కాలువకు రెండు నోళ్ళు ఉన్నాయి. ఒక వైపు హుగ్లీ పోటు, మరొక వైపు విద్యాధరి పోటు లోపలికి వచ్చేవి. రెండు పోటులు ఎదురెదురుగా వచ్చి కలిసిన చోట నీరు కదలక నిలుస్తుంది. నిలిచిన చోట ఒండ్రు దిగుతుంది. కనుక ఈ కాలువకు తరచు పూడిక తీయడం తొలినుండీ తప్పనిసరి అవసరం. పడవల సుంకం వస్తున్నంత కాలం ఆ పని కొంతవరకు సాగింది.

ఆపైన దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1862-63లో కలకత్తా నుండి పోర్ట్ కానింగ్‌కు రైలుమార్గం ఏర్పడి, పడవల వర్తకానికి పోటీ మొదలైంది. ఎగువ నుండి మంచినీటి రాక తగ్గి, చుట్టూ పోటునీరు పరచుకొనే పల్లపు భూములు కరకట్టలతో మూసుకుపోయి, నగరపు మురుగు చేరి విద్యాధరి నది గర్భం నానాటికీ ఎత్తయింది. 1928లో విద్యాధరిని మృతనదిగా ప్రకటించారు. అప్పటితో టాలీ కాలువకు తూర్పు నోరు మూసుకుపోయినట్లయింది. 1947లో దేశ విభజన జరిగి తూర్పు బెంగాల్ వర్తకం తెగిపోవడంతో పడవలకు పని తగ్గింది. అదే సమయంలో సర్వస్వం కోల్పోయి తరలివచ్చిన శరణార్థులకు టాలీగంజ్, గరియా ప్రాంతాలు ఆశ్రయమయ్యాయి. జనాభా పెరిగింది, దానికి తగిన మురుగునీటి ఏర్పాట్లు పెరగలేదు. ఇళ్ళ మురుగు, వర్షపు నీరు, చెత్త అన్నింటికీ ఈ కాలువే దిక్కయింది.

చెరువులైన గంగ

గరియాకు దిగువన, టాలీ కాలువ తూర్పుగా మళ్ళిన చోటు నుండి పాత ఆదిగంగ మార్గం మరొక విధంగా మారింది. అక్కడ ప్రవాహం ఆగిపోయి నదీగర్భం పొలాలుగా, ఇళ్ళస్థలాలుగా, చెరువులుగా విడిపోయింది. జయనగర్, మజిల్‌పూర్ ప్రాంతాలలో ఆ చెరువులకు నేటికీ గంగ పేరే నిలిచి ఉంది. ఘోష్ కుటుంబంవారి చెరువు 'ఘోషేర్ గంగ', బోసులది 'బోసేర్ గంగ', మిత్రులది 'మిత్ర గంగ'. పరులకు అది ఒక ఊరి చెరువు, ఊరివారికి గంగానది. పూర్వం నుండి ఆ చెరువుల గట్లపైనే దహన సంస్కారాలు జరుపుతూ వచ్చారు.

ఒకప్పుడు సౌదాగరుల ఓడలు నడిచిన నది ఇంటిపేర్లు గల గుంటలుగా ముక్కలు కావడం విచారకరమే. అయినా ఒక సత్యాన్ని ఈ చెరువులు చాటుతున్నాయి. నది పోయినా నది జ్ఞాపకం ప్రజలలో చావలేదు. పునరుద్ధరణకు ఉండవలసిన మొదటి పెట్టుబడి ఆ జ్ఞాపకమే.

స్తంభాల నీడలో

ఇరువదవ శతాబ్ది చివరకు టాలీ కాలువ పరిస్థితి న్యాయస్థానాల దృష్టికి వచ్చింది. హేస్టింగ్స్ నుండి గరియా దాకా సుమారు 15 కిలోమీటర్ల పొడవున ఒడ్లపైన ఏడు వేలకు పైగా అక్రమ నిర్మాణాలు ఉన్నట్లు తేలింది. 1998 ఏప్రిల్‌లో కలకత్తా ఉన్నత న్యాయస్థానం ఆక్రమణలను తొలగించవలసిందిగా ఆదేశించింది. 2001లో కొంత భాగంలో తొలగింపు జరిగింది. ఆ ఒడ్డున ఉన్నవారిలో అధికులు చుట్టుపక్కల ఇళ్ళలో, అంగళ్ళలో, రిక్షాలపై పనిచేసి పొట్టపోసుకొనే పేదలు. కాలువకు చోటు కావాలి, నిజమే. కాని మనుష్యులకూ చోటు కావాలి. ఒడ్డున నివసించే పేదలకు ముందుగా పునరావాసం కల్పించని పునరుద్ధరణ సగంలో ఆగిపోతుంది. లేదా ఖాళీ అయిన ఒడ్డు కొద్దికాలంలోనే మళ్ళీ నిండుతుంది.

ఈలోగా మరొక పరిణామం సంభవించింది. టాలీగంజ్ నుండి గరియా దిశగా మెట్రో రైలును పొడిగించినప్పుడు, నగరంలో వేరే ఖాళీ స్థలం దొరకక, కాలువ గర్భంలోనే దాదాపు 300 స్తంభాలు నిలిపి పైవంతెన కట్టారు. 2009 ఆగస్టులో గరియా వరకు ఆ మార్గం ప్రారంభమైంది. లక్షలాది ప్రయాణికులకు అది మేలు చేసిన మాట కాదనరానిది. కాని స్తంభాల చుట్టూ నీటి వేగం తగ్గి పూడిక పెరుగుతుందని పర్యావరణవేత్తలు మొదటినుండీ హెచ్చరిస్తూ వచ్చారు.

నీటి స్థితి ఎలా ఉన్నదో ఒక్క కొలత చెప్పగలదు. స్నానయోగ్యమైన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం నిర్దేశిస్తుంది. ఆదిగంగలో అది దాదాపు శూన్యమని పరీక్షలు పలుమార్లు తెలిపాయి. ప్రాణవాయువు లేనిచోట చేప బతకదు. మురుగును సహజంగా శుభ్రపరచే సూక్ష్మజీవులూ తమ పని చేయలేవు. ఆ స్థితిలో నీరు కుళ్ళి దుర్వాసన వెలువడుతుంది. గంగాస్నానానికి వచ్చిన భక్తునికి దొరుకుతున్నది ఆ నీరే.

పునరుద్ధరణ యత్నాలు

గంగా కార్యాచరణ పథకపు రెండవ దశ నుండి ఈ కాలువపై ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. పలుమార్లు పూడిక తీశారు, ఒడ్లు కట్టారు. అయినా ఫలితం నిలువలేదు. జాతీయ హరిత న్యాయాధికరణం కూడ ఈ విషయాన్ని చేపట్టి గడువులు విధించింది. 2023లో 'నమామి గంగే' కార్యక్రమం కింద ఆదిగంగ కాలుష్య నివారణకు సుమారు 650 కోట్ల రూపాయల పథకం మంజూరయింది. కాలువలో పడే మురుగును మధ్యలోనే పట్టి మళ్ళించడం, మూడు శుద్ధి కేంద్రాలను నిర్మించడం ఇందులో ప్రధానాంశాలు.

మురుగును మూలంలోనే ఆపడం సరియైన తొలి అడుగు. పై నుండి మురుగు పడుతూండగా అడుగున పూడిక తీయడం చిల్లికుండలో నీరు పోయడం వంటిది. అయితే మురుగు ఆగినంత మాత్రాన కాలువ బతకదు. దానికి కదలిక కావాలి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చంగ్యేచన్ అనే వాగును పూర్వం కప్పివేసి దానిపై ఎత్తయిన రహదారి వేశారు. 2003లో ఆ రహదారిని కూలగొట్టి, 2005 నాటికి 5.8 కిలోమీటర్ల పొడవున వాగును తిరిగి వెలికితీశారు. లోకమంతా మెచ్చుకొన్న కార్యమది. కాని ఆ వాగులో నేడు పారే నీటిలో అధికభాగం యంత్రాలతో నిత్యం ఎత్తిపోసే నీరే.

ఆదిగంగకు ఆ ఖర్చు లేదు. రోజుకు రెండుసార్లు హుగ్లీ పోటు తానుగా దాని గుమ్మం ముందుకు వస్తుంది. కావలసినదల్లా ఆ పోటును లోపలికి రానివ్వడం, వచ్చిన నీటిని వేగంగా వెళ్ళనివ్వడం. అందుకు హేస్టింగ్స్ నోరు పూడకుండా చూడాలి. స్తంభాల మధ్య పేరుకొనే ఒండ్రును ఏటేటా తీయాలి. గరియాకు దిగువన, శాముక్‌పోతా దారిన నీటికి తగిన మార్గం ఉండాలి. ఆ తూర్పు దిక్కుననే సుమారు 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడినేలలు ఉన్నాయి. అక్కడి జాలరులు, రైతులు నగరపు మురుగునీటితోనే చేపలను, కూరగాయలను పండిస్తారు. సూర్యరశ్మి, నాచు, చేపలు కలిసి ఆ నీటిని శుభ్రపరుస్తాయి. 2002లో ఈ చిత్తడినేలలు రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరాయి. విద్యాధరి మరణించిన నేలలోనే పుట్టిన ఈ విద్య, మురుగును సంపదగా మార్చవచ్చునని నిరూపించింది.

తెలుగు నేలకు పాఠం

ఆదిగంగ కథ తెలుగువారికి దూరపు కథ కాదు. టాలీ కాలువ తెరచిన 29 ఏళ్ళకు, 1806లో, మద్రాసు నుండి ఎన్నూరుకు కోక్రేన్ కాలువ ఏర్పడింది. అది ఉత్తరంగా పెరుగుతూ వచ్చింది. ధాత కరువు అని తెలుగువారు నేటికీ తలచుకొనే 1876-78 నాటి మహాక్షామంలో ఆకలిగొన్న కూలీల చేత మద్రాసు నగరంలో మిగిలిన భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు పేరిట అది బకింగ్‌హాం కాలువ అయింది. పెదగంజాం వద్ద కృష్ణా డెల్టా కాలువలతోను, వాటి ద్వారా ఏలూరు, కాకినాడ కాలువలతోను కలిసి, కోరమండల తీరమంతటా పడవలు నడిచేందుకు వీలు కల్పించింది. ధాన్యం, ఉప్పు, కట్టెలు, ప్రయాణికులు ఆ దారినే మద్రాసుకు చేరేవారు.

దానికీ ఆదిగంగకు పట్టిన గతే పట్టింది. రైలు, లారీ వచ్చాయి. 1965-66 తుఫానులు దెబ్బతీశాయి. పూడిక తీసేవారు లేకపోయారు. చెన్నై నగరంలో దాని గర్భంలోనూ పైవంతెన రైలుమార్గపు స్తంభాలు నిలిచాయి. 2008లో దీనిని కలుపుకొని నాలుగవ జాతీయ జలమార్గాన్ని ప్రకటించారు. ప్రకటనతో పాటు మురుగు నివారణ, నిత్య నిర్వహణ సాగితేనే పడవ మళ్ళీ కదులుతుంది. విజయవాడ నడిబొడ్డున పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలలోకి చెత్త విసిరే ప్రతి చేయి భవానీపూర్ వైపు ఒక్కసారి చూడవలసి ఉంది.

ముగింపు

కాలువను తవ్వడానికి టాలీకి రెండేళ్ళు పట్టింది. దానిని బతికించే పనికి మాత్రం గడువు లేదు. అది ప్రతి తరమూ తిరిగి చేపట్టవలసిన పని. పడవల సుంకం ఉన్నంత కాలం ఆ పని లాభం కోసం జరిగింది. లాభం పోయిన తరువాత బాధ్యతగా జరుగవలసింది. ఆ బాధ్యతను ఎవరూ తమదిగా భావించలేదు. జయనగర్ పల్లెవాసులు ఒక చెరువును గంగ అని పిలుచుకొని కాపాడుకొంటున్నారు. నగరవాసులు గంగనే నాలా అని పిలిచి వదిలివేశారు. పేరు మార్చుకోవడం సులభం. నీటిని మార్చడం కష్టం. అయినా పోటు నేటికీ రోజుకు రెండుసార్లు హేస్టింగ్స్ వద్దకు వస్తూనే ఉంది. దానికి దారి ఇచ్చే పని మనుష్యులదే.